దసరా పూజకు ఆపిన కంప్యూటర్

దసరా వచ్చిందంటే సారయ్య కాలు ఒకచోట నిలవదు. హన్మకొండ నయీంనగర్‌లో అతనిది చిన్న రిపేరు దుకాణం. వయసులో ఉన్నప్పుడు టైపు మిషన్లు బాగుచేసేవాడు, అవి పోయాక కంప్యూటర్లకు మళ్లాడు. అందులోనూ అందరూ చేసే పని చేయడు. కంపెనీలు ఎప్పుడో వదిలేసిన పాత ప్రోగ్రాములను కొత్త సిస్టముల మీద నడిపిస్తాడు. ప్రెస్సులవాళ్ల దగ్గర, ల్యాబులవాళ్ల దగ్గర అలాంటి మొండిఘటాలు చాలానే ఉంటాయి. అవి మొరాయించిన రోజున ఊళ్లో అందరి నోటా వచ్చేది సారయ్య పేరే. ఆ మాట చెవిన పడితే మనిషి జానెడు ఎదుగుతాడు.

దసరా ముందురోజు తన చేతికింద ఉన్న మిషన్లన్నింటి దగ్గరకూ పోయి, వాటిని ఆపి, దుమ్ము దులిపి, పసుపు కుంకుమ పెట్టి వస్తాడు. "ఏడాదంత మనకోసం పనిచేస్తయి. ఒక్క పండుగపూటన్న ఆరాం ఇయ్యాలె గద" అంటాడు. ఎవరూ కాదనరు. దేవుడి పనికి దేవుడి పని, దుమ్ము కూడా వదులుతుంది.

ఆ ఏడు అలాగే శ్రీలత మేడం క్లినిక్‌కు పోయాడు. పుట్టుచెవుడు ఉన్న పిల్లలకు ఆమె అక్కడ వినడం, మాట్లాడడం నేర్పిస్తుంది. మూలన ఒక పాత కంప్యూటర్ ఏళ్ల తరబడి ఆపింది లేకుండా నడుస్తోంది. ఆపరేషన్ చేసి తలలో చర్మం కింద చిన్న మిషను పెట్టిన పిల్లలకు, చెవి వెనక తగిలించుకునే భాగం ఇంకొకటి ఉంటుంది. ఏ పిల్లకు ఎంత శబ్దం లోపలికి పంపాలో ఆ భాగానికి కంప్యూటర్ నుంచే చెప్పాలి. పాత మోడల్ పెట్టుకున్న పిల్లల కోసం ఆ ప్రోగ్రాము ఈ ఒక్క కంప్యూటర్‌లోనే మిగిలింది.

"దీన్ని గూడ ఆపాలెనా అన్నా? మళ్ల లేస్తదా?" అని శ్రీలత అడిగింది.

"లేవక ఏంజేస్తది మేడం. దీనికొక్కదానికి బొట్టు పెట్టకుంటె మంచిగుంటదా?"

ఏళ్లకేళ్లు తిరిగిన డిస్కు ఒకసారి ఆగితే మళ్లీ తిరగకపోవచ్చని సారయ్యకు తెలియక కాదు. దుకాణానికి వచ్చినవాళ్లకు తనే చెప్పి భయపెట్టేవాడు. పూజ దగ్గరకు వచ్చేసరికి ఆ తెలివి ఎటు పోయిందో పోయింది. పండుగ వెళ్లాక స్విచ్ వేస్తే, నుదుట కుంకుమ పెట్టుకున్న ఆ కంప్యూటర్ కాసేపు టిక్కుటిక్కుమని చప్పుడు చేసి చల్లబడిపోయింది.

పోయింది ఒట్టి కంప్యూటరే అయితే ఇంత బాధ లేదు. వర్ధన్నపేట అవతలి పల్లె నుంచి చిలుకమ్మ అప్పటికే కూతురు సుకన్యను వెంటబెట్టుకుని వచ్చి కూర్చుంది. పిల్ల చెవి వెనక తగిలించుకునే భాగం నీళ్లలో పడి చెడిపోతే, శ్రీలత ఎవరెవరినో అడిగి అదే మోడల్ మరొకటి తెప్పించింది. సుకన్య కొలతలు అందులోకి ఎక్కిస్తే తప్ప ఆ పిల్లకు ఏమీ వినిపించదు. అంతకుముందు మిరపచేను ఆ చివర నుంచి తల్లి పిలిస్తే ఈ చివర నుంచి "ఆఁ" అని పలికేది. ఆ పలుకు వినడానికే చిలుకమ్మ పని లేకున్నా పిలిచేది.

"జర జల్ది చూడన్నా. పిల్ల వచ్చిన మాటలు గూడ మర్చిపోతాంది" అంది చిలుకమ్మ.

"ఫికర్ చేయకు చెల్లె. నేనున్న" అన్నాడు సారయ్య.

పిల్లల కొలతల ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి, అదొక్కటి అదృష్టం. ప్రోగ్రాము సీడీ హైదరాబాద్‌లో ఎవరి దగ్గరో దొరికింది. కొత్త విండోస్ దాన్ని గడప తొక్కనివ్వలేదు. సారయ్య వేరే కంప్యూటర్‌లో లినక్స్ అనే ఇంకో సిస్టము ఎక్కించి, దాని మీద పాత విండోస్ ప్రోగ్రాములు నడవడానికి ఏర్పాటు చేశాడు. ఏ ప్రోగ్రామూ అన్ని పనులూ సొంతంగా చేసుకోదు. లెక్క కట్టడానికి, మిషనుతో మాట్లాడడానికి సిస్టములో ఉండే లైబ్రరీలనే సాయం ఫైళ్ల మీద ఆధారపడుతుంది. పెళ్లివంటకు పోయే మనిషి గరిటె ఒక్కటి పట్టుకుని, పొయ్యీ గుండిగలూ పెళ్లివారింట్లో ఉంటాయని బయలుదేరినట్టు. ఈ కొత్త ఇంట్లో అన్నీ దొరికాయి కానీ, ఒక్క లైబ్రరీ లేదని ప్రోగ్రాము మొండికేసింది. అదే పేరున్న లైబ్రరీ దుకాణంలో మరో కంప్యూటర్‌లో కనిపించింది. తర్వాతి కాలం నాటిది. తెచ్చి పెట్టగానే ప్రోగ్రాము తెరుచుకుంది.

తెర మీద ఎర్రర్ రాకపోతే పని అయినట్టే అన్నది సారయ్య నమ్మకం. ప్రెస్సుల్లో ఆ నమ్మకం ఏనాడూ చెడలేదు. తప్పు అచ్చయితే కాగితం చింపి ఇంకోటి వేసుకుంటారు. ఇక్కడున్నది పిల్ల తల అని అతనికి తట్టలేదు.

"మొదలు చానా తక్కువ శబ్దంతోని షురూ చేసి, మెల్లమెల్లగ పెంచుదామన్నా" అంది శ్రీలత. "రెండు మూడు సార్లు రావాల్సుంటది, అంతే."

"ఎందుకు మేడం? అదే ఫైలు, అవే నంబర్లు. తేడా ఉన్నదా మీరే చూడుండ్రి."

తెర మీద తేడా ఏమీ లేదు. చిలుకమ్మ ఆశగా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. శ్రీలత మెత్తబడింది. సుకన్య నవ్వుకుంటూ తనే జడ పక్కకు తీసి, చెవి భాగం తగిలించుకుంది.

"బిడ్డా" అంది చిలుకమ్మ.

పిల్ల పెట్టిన కేకకు బయట కూర్చున్నవాళ్లు లోపలికి పరుగెత్తుకొచ్చారు. చెవి భాగం పీకి విసిరికొట్టి, బల్ల కిందికి దూరి, రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుంది సుకన్య. తల్లి పిలిచిన పిలుపే పిల్లను కొట్టింది. చిలుకమ్మ బల్ల దగ్గర కూలబడి, ఇంకోసారి పిలవడానికి భయపడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పేరు ఒకటే అయినా ఆ లైబ్రరీ లెక్క వేరు. తెర మీద పాత నంబరే చూపించి, లోపలికి పంపేటప్పుడు ఎన్నో రెట్లు పెంచింది. సారయ్య పిచ్చిపట్టినవాడిలా వెతికి చివరికి సరైన లైబ్రరీ సంపాదించాడు. ఈసారి శ్రీలత చెప్పినట్టు పరికరం పెట్టి శబ్దం కొలిచి మరీ చూశారు. అంతా సరిగ్గా ఉంది. ఏం లాభం, ఆ భాగం కంటబడితే చాలు పిల్ల వణికిపోయేది. శ్రీలత నెలల తరబడి బొమ్మలతో, ఆటలతో మచ్చిక చేయబోయింది. సుకన్య తలమీద చేయి వేయనివ్వలేదు.

"మీ మాట విని తప్పు చేసిన అన్నా" అని ఒకనాడు శ్రీలత మెల్లగా అంది. నాలుగు తిట్టినా బాగుండేదని సారయ్య ఎంత ఏడ్చాడో అతనికే తెలుసు.

మళ్లీ దసరా వచ్చింది. సారయ్య ఏ మిషనుకూ బొట్టు పెట్టడానికి పోలేదు. పండుగనాడు దుకాణం షట్టరు కూడా ఎత్తకుండా వర్ధన్నపేట బస్సెక్కాడు. చిలుకమ్మ కుర్చీ వేసి నీళ్లిచ్చింది.

"పెట్టుకుంటలేదా చెల్లె?"

"లేదన్నా. బతిమాలిన, ఓసారి కొట్టిన గూడ. మాటలన్ని పోయినయి."

లోపల గోడగూట్లో దేవుడి పటాల పక్కన చెవి భాగం కనిపించింది. శుభ్రంగా తుడిచి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి ఉంది. సారయ్య చూపు అక్కడే ఆగిపోవడం చిలుకమ్మ గమనించింది.

"పనిచేసే వస్తువుకు పండుగనాడు బొట్టు పెట్టాలె అని నువ్వే అంటవట గద. మేడం చెప్పింది" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఏమీ లేదు. అందుకే సారయ్య తట్టుకోలేక వాకిలి వైపు తల తిప్పుకున్నాడు.

వాకిట్లో సుకన్య అటు తిరిగి కూర్చుని ఉంది. చిలుకమ్మ చిన్న మట్టిపెళ్ల తీసి పిల్ల కాళ్ల దగ్గర పడేలా విసిరింది. పిల్ల తిరిగి చూసింది. జమ్మి ఇచ్చి మొక్కమని తల్లి సైగ చేసింది.

సుకన్య లేచి వచ్చి, సారయ్య చేతిలో జమ్మి ఆకు పెట్టి, వంగి కాళ్లకు మొక్కింది. చల్లగుండు బిడ్డా అనడానికి సారయ్య నోరు తెరిచాడు. ఆ తెరిచిన నోరు చూసి సుకన్య రెండడుగులు వెనక్కి వేసి, రెండు చేతులతో చెవులు మూసుకుంది.