సురేష్‌కు రాని ఆటలమ్మ

1999 జనవరిలో మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో హెచ్ఆర్ ఎగ్జిక్యూటివ్‌గా చేరాను. పేరు గొప్పదే గాని, పనిలో సగం సెలవు ఫారాలు చూడటమే. కారణం రాశారో లేదో నేను చూశాక, ఫారం ప్రాజెక్ట్ లీడ్ సంతకానికి వెళ్ళేది.

ఆ కారణాలు చదివితే మా మగ ప్రోగ్రామర్లకు పిల్లలే లేరనిపించేది. బండి రిపేరు, జ్వరం, స్థలం రిజిస్ట్రేషన్. ఒకాయన బావమరిదికి నాలుగు నెలల్లో రెండుసార్లు పెళ్ళయింది.

కూకట్‌పల్లి నుంచి వచ్చే సురేష్ ప్రొబేషన్‌లో ఉండేవాడు. అంటే ఆరు నెలలు పని చూసి, లీడ్ బాగుందని రాస్తేనే ఉద్యోగం ఖాయం. మే నెలలో, సరిగ్గా ఆ రిపోర్టు రాసే వారంలో, అతని రెండేళ్ళ కొడుక్కి ఆటలమ్మ పోసింది. భార్య పనిచేసే బ్యాంకులో ఆడిట్. ఆమెకు సెలవు దొరకలేదు. మూడు రోజులు ఇతను ఇంట్లో ఉండాలి. ఉన్నదున్నట్టు రాయమన్నాను.

“పిల్లాణ్ణి చూసుకోవాలంటే టీ దగ్గర ఏడాదంతా నవ్వుతారండి. జబ్బయితే మర్యాదగా ఉంటుంది,” అని, ఆటలమ్మ తనకే వచ్చినట్టు రాసి వెళ్ళిపోయాడు. తెలిసి తెలిసీ ఆ ఫారం పంపాను.

లీడ్ రమణారెడ్డిది కడప. ఫారం చదివి కుర్చీ వెనక్కి జరిపాడు. పదిహేను రోజుల దాకా ఆ మనిషిని గడప తొక్కనీయొద్దని చెప్పి, కీబోర్డు స్పిరిట్‌తో తుడిపించాడు. మనిషే లేకుంటే రిపోర్టు ఏం రాసేదని, ప్రొబేషన్ ఇంకో ఆరు నెలలు పెంచమని కాగితం పంపాడు.

సురేష్ ఇంటికి ఫోన్ చేశాను. వెనక పిల్లవాడు ఏడుస్తున్నాడు. నిజం చెబితే ఈ వారమే ఉద్యోగం ఖాయమవుతుందన్నాను. పిల్లవాణ్ణి ఎత్తుకుని మళ్ళీ ఫోన్ అందుకున్నాడు.

“ఆరు నెలలేగా, ఆగుతానండి. మీరు మాత్రం ఎవరికీ చెప్పకండి.”

పదహారో రోజు వచ్చాడు. ముఖాన మచ్చ ఒక్కటీ లేదు. రమణారెడ్డి కొబ్బరినీళ్ళు తెప్పించి, “మొగోనివప్పా, తట్టుకున్నావు,” అన్నాడు. సురేష్ తాగాడు.

తర్వాతి ఏడాది నాకు కాన్పయి కొడుకు పుట్టాడు. పిల్లవాణ్ణి చూసుకోవాలని రాజీనామా రాశాను. ఎవరూ నవ్వలేదు, ఏమీ అడగలేదు, సాయంత్రానికే సంతకమైంది.

ఇప్పుడు మావాడికి మూడేళ్ళు. మొన్న బొమ్మను భుజాన వేసుకుని జోకొడుతుంటే వాళ్ళ బాబాయి నవ్వాడు. మావాడు బొమ్మను మంచం కిందికి తోసేశాడు.

ఆ కంపెనీ నిబంధనలన్నీ నాకు కంఠతా వచ్చు. మగవాళ్ళు తప్పకుండా పాటించే నిబంధన మాత్రం వాటిలో లేదు. దాన్ని ఒకరినొకరు చూసి నవ్వుతూ నేర్పుకుంటారు.