సర్వర్‌కు పట్టిన వర్జ్యం

పూర్వజన్మలు లేవని కొవ్వూరు హేతువాద సభలో గొంతు చించుకుని వచ్చిన మర్నాడే, కంప్యూటర్ ఫైళ్ళకు మాత్రం అవి ఉన్నాయని తెలిసింది.

అప్పట్లో రాజమండ్రిలో రైస్ మిల్లులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసే చిన్న ఆఫీసులో పనిచేసేవాణ్ణి. పక్క సీటు మా యజమాని మేనకోడలిది. వేరే కులం అబ్బాయితో ఆమెకు మరుసటి వారం రిజిస్టర్ పెళ్ళి. ఇంట్లో తెలియదు. స్నేహితుల కోసం ఆహ్వానపత్రం ఆఫీసులోనే టైపు చేసుకుని, ఆ పొద్దున్న ప్రోగ్రామ్‌తోపాటు ఫోల్డర్ మొత్తాన్నీ అందరూ వాడే సర్వర్‌లోకి ఎక్కించేసింది.

"వెంటనే డిలీట్ చేశాను మాస్టారూ!"

"అది ఇవాళ్టి కాపీలోంచే పోతుందమ్మా. పాత వెర్షన్‌లో భద్రంగా ఉంటుంది."

"అయ్యో! మామయ్య భోంచేసొచ్చి ఎవరేం ఎక్కించారో అన్నీ తెరిచి చూస్తాడండి. సాయంత్రానికి నన్ను మా ఊరు తణుకు బస్సెక్కించేస్తారు. ఇక పెళ్ళీ లేదు, ఏమీ లేదు."

ఆనవాలు లేకుండా పోవాలంటే సర్వర్ ఆపి, పాత వెర్షన్లన్నీ బయటికి తీసి, ఆ ఒక్క ఫైలూ వదిలేసి మళ్ళీ నింపాలి. ఆ కాసేపూ ఇంకెవరూ ముట్టుకోకూడదు.

యజమాని గదికి వెళ్ళాను. "సర్వర్ ఓ గంట ఆపాలండి. శుభ్రం చెయ్యాలి."

"ఏంటండీ, సాయంత్రం మిల్లువాళ్ళొస్తుంటే ఇప్పుడా? కుదరదు."

ఎంత వాదించినా కదల్లేదు. ఆయన వెనక గోడ మీద, నేను ఏళ్ళ తరబడి తిట్టిపోసిన తెలుగు క్యాలెండర్. ఆ రోజు గడి చూశాను.

"పదకొండు నుంచి వర్జ్యమండి."

ఆయన కళ్ళజోడు తీశాడు. "మీరేనా ఈ మాటంటున్నది?" వెనక్కి తిరిగి సరిచూసుకున్నాడు. హాల్లోకి కేకేశాడు: "పన్నెండున్నర దాకా ఎవరూ కంప్యూటర్ ముట్టుకోకండి!" మళ్ళీ నన్ను చూసి, "మరి మీరో?"

"వర్జ్యం కొత్త పనులకేగా అండీ. మేం పాత చెత్త తీస్తాం."

"ఇన్నాళ్ళకి దారికొచ్చారు!"

సీటుకొచ్చేసరికి పెళ్ళికూతురు మంచినీళ్ళ గ్లాసు అందించింది. "నోరు పుక్కిలించండి మాస్టారూ."

భోంచేసొచ్చిన యజమాని పాత వెర్షన్లన్నీ తిరగేశాడు. "పొద్దుట్నుంచీ ఇంతేనా చేసింది? ఏంటే ఈ బద్ధకం?" అని మేనకోడల్ని చీవాట్లు పెట్టాడు. అంత సంతోషంగా చీవాట్లు తిన్న మనిషిని నేను చూడలేదు.

మరుసటి వారం రిజిస్ట్రార్ ఆఫీసు లోపల ఖాళీ. స్థలాల రిజిస్ట్రేషన్‌కు వచ్చినవాళ్ళంతా బయట టీ బడ్డీ దగ్గర వాచీలు చూసుకుంటున్నారు.

"వర్జ్యమండి. అయ్యేదాకా ఒక్కరూ లోపలికి రారు," అన్నాడు గుమాస్తా విసుగ్గా. "మీకు పట్టింపు లేకపోతే రండి."

నిమిషాల్లో పెళ్ళయిపోయింది. సాక్షిగా సంతకం పెడుతుంటే పెళ్ళికూతురు నా చెవి దగ్గరికి వంగింది.

"ఇది కూడా మీరే చూసి పెట్టారా మాస్టారూ?"