పెరటాసి నెలలో చిన్నబ్బ చావు

ఐరాల చుట్టుపట్ల ఎవరు పోయినా ఏడ్చేవాళ్లు ఏడుస్తారు. వచ్చిన ప్రతి గుంపుకూ ‘ఎట్ల పోయినాడు’ అనేది మొదటినుంచి చెప్పే పని మాత్రం మునిరామయ్యది. మీసం నల్లగా ఉన్నప్పటినుంచి, శామియానా కింద కూర్చుని, ఒక్క అబద్ధం ఆడకుండా చెబుతూ వచ్చాడాయన. చదివింది ఊరి బడిలో ఐదో తరగతే. అయితేనేం, ఆయన నోట పడితే చావుకు ఒక అందం వచ్చేది. నెత్తిన పనసకాయ పడి పోయిన పెద్దమనిషి, అల్లుడి కొత్త మీసం చూసి నవ్వు ఆపుకోలేక పోయిన తిరుచానూరు పూలమ్మే ఆవిడ, తాను పోయినట్టు మైకులో పొరపాటున చెబితే విని ఆ అదురుకే పోయిన రంగనాథం, అందరి సంగతీ లోకానికి తెలిసింది ఆయన వల్లనే.

పెరటాసి నెలలో చిన్నబ్బ పోయాడు. స్వామికి మొక్కి ఊరంతా నీచు ముట్టని నెల, అందులోనూ శనివారం. చిన్నబ్బ నుదుట నామం పెట్టుకుని, పశువుల కొట్టంలో దాక్కుని కోడికూర తింటూంటే గొంతులో ఎముక అడ్డం పడింది.

ఇంత మంచి చావు మళ్లీ ఎక్కడ దొరుకుతుంది? మునిరామయ్య తువ్వాలు దులిపి గొంతు సవరించుకున్నాడు. అప్పుడే చిన్నబ్బ భార్య పంకజాక్షి వచ్చి పక్కన కూలబడింది.

“మామా, నీ కాళ్లు పట్టుకుంటా, కోడి మాట ఎత్తొద్దు. పలమనేరు నుంచి మా యన్న వస్తా ఉండాడు. భజన గుంపుకు పెద్దాయన. తెలిస్తే నాకు పుట్టింటి చీర గూడా పెట్టకుండా బస్సెక్కేస్తాడు.”

“శవం ముందర అబద్ధమాడమంటావా మే? నా పేరేం గావాల?”

“నీ పేరు సరే, నా మర్యాదేం గావాల?”

అన్న గోవిందస్వామి రానే వచ్చాడు. మెడలో తులసిమాల, చేతిలో చీర సంచి.

“ఎట్ల జరిగిందబ్బా?”

పంకజాక్షి కళ్లు మునిరామయ్య మీదే ఉన్నాయి. ఎన్నడూ తడబడని నోరు తడబడింది.

“మునక్కాయ సాంబారప్పా... పీచు అడ్డం పడింది.”

“మునక్కాయకు మనిషి సస్తాడా?” అంది పక్కింటి పెంచలమ్మవ్వ.

“ముదురు కాయవ్వా!”

“పీచు ఉమ్మేసేదానికేం రోగం వానికి?”

“పొద్దున్నుంచి ఉపాసం గదా, ఆత్రం.”

‘ఎంత భక్తి’ అని జనం కళ్లొత్తుకున్నారు. గోవిందస్వామి మాత్రం మునిరామయ్య రెక్క పట్టుకుని కొట్టం వెనక్కు లాక్కుపోయాడు.

“నిజం సెప్పు. కోడేనా?”

మునిరామయ్య తల దించుకున్నాడు.

“నాకు తెలుసులే. పోయిన శనివారం మా యింట్లో వాడూ నేనూ తలుపేసుకోని తింటిమి. ఎముక నమలొద్దు బావా అని సెప్తానే ఉంటిని.” గోవిందస్వామి బావురుమన్నాడు. “నువ్వు మునక్కాయనే ఖాయం చెయ్యి సామీ. తెలిస్తే మా సెల్లెలు నన్ను గడప తొక్కనీదు.”

కళ్లు తుడుచుకుని వెళ్లి, చెల్లెలి భుజం మీద చీర కప్పాడు.

అంతలో ఆటో దిగి తిరుచానూరు చుట్టాలు వచ్చారు. మునిరామయ్య నిమ్మళంగా కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు. ఈసారి ఆ మునక్కాయ ఎంత పొడవుండిందో కూడా చెయ్యి చాచి చూపించాడు.