బస్సులోంచి కనబడే బోర్డు

ఖమ్మంలో ఒక ప్రకటనల ఏజెన్సీలో గోడ ప్రకటనలకూ, సినిమా హాళ్ల స్లైడ్లకూ డిజైన్లు గీసేవాణ్ని. ఎనభైల చివర్లో ఆ ఉద్యోగం మానేశాను. ఇప్పుడైతే ఫ్రీలాన్స్ అంటారు. అప్పట్లో "సొంతంగా చేసుకుంటున్నాడట" అని కాస్త జాలిగా చెప్పుకునేవారు.

గొడవేమీ లేదు, యజమాని మంచివాడే. అయితే పని ఇచ్చినవాళ్ల మొహం నేనెప్పుడూ చూడలేదు. ఎరువుల డీలరు ఆయనతో మాట్లాడేవాడు, ఆయన నాకు చెప్పేవాడు. నేను గీసింది వాళ్లకు పనికొచ్చిందో లేదో నా దాకా వచ్చేది కాదు. మానేస్తానంటే నా భార్య పని దొరక్కపోతే ఏం చేస్తావని అడిగింది. తిరిగి వెళ్తానన్నాను. యజమాని కూడా కొన్నాళ్లు నా కుర్చీలో ఎవరినీ కూర్చోబెట్టనన్నాడు.

మొదటి పని సారపాకలో దొరికింది. కొత్తగూడెం బొగ్గుబావుల వైపు నుంచి వచ్చిన ఒకావిడ పేపర్ మిల్లు దగ్గర కొత్తగా మెస్ పెట్టింది. దానికి బోర్డు కావాలంది.

నేను పెద్దగా చదువుకోలేదు, లెక్కలన్నీ పని మీదే నేర్చుకున్నాను. పదడుగుల దూరానికి అంగుళం అక్షరం, ఒత్తులకూ గుడులకూ ఇంకో పావు వంతు. మెస్ నుంచి మెయిన్ రోడ్డుకు టేపు పట్టి కొలిచాను. నూట అరవై అడుగులు. అంటే పదహారు అంగుళాలు, ఒత్తులకు నాలుగు, మొత్తం ఇరవై. రేకుల కప్పు మీద బోర్డు నిలబెట్టి, పసుపు మీద ఎర్ర అక్షరాలు రాశాను.

కొన్ని వారాలకు ఆమె కబురు పంపింది. ఇంకో పని ఇస్తుందనుకుని బయల్దేరాను. ఆ బస్సులోనే మా పాత యజమాని ఉన్నాడు, భద్రాచలం పోతున్నాడు. సారపాక రాగానే కిటికీలోంచి బోర్డు చూసి నా భుజం తట్టాడు. భోజనం చేసి పోదామని నాతోపాటు దిగాడు.

మధ్యాహ్నం వేళ మెస్‌లో సగం బల్లలు ఖాళీ. ఆమె వడ్డిస్తుంటే ఆయన బోర్డును మెచ్చుకున్నాడు.

"బస్సులకెల్లి సాఫ్ కనబడ్తుందమ్మా. నా దగ్గర నేర్చుకున్నోడు గదా."

"బస్సుల పోయేటోడు దిగొచ్చి నా కాడ తింటడా సారూ?" అందామె. తర్వాత నా వైపు తిరిగింది. "మిల్లు గేటు అటు దిక్కున్నది తమ్మీ. తినేటోళ్లు అటుకెల్లి నడిచొస్తరు. వాళ్లకు నీ బోర్డు కనబడ్తలేదు. గిట్లనే అయితే దసరా దాంక గూడ నడపలేను."

ఏజెన్సీలో అన్ని గోడలూ బస్సువాళ్ల కోసమే గీసేవాళ్లం. ఇక్కడ చదివేదెవరని అడగాలని నాకు తోచనే లేదు.

ఆమె లోపలికి పోయాక యజమాని నెమ్మదిగా అన్నాడు. "గీ మాటలు నీ మీద పడకుండ ఇన్నేండ్లు నేనే పడ్డ. కుర్చీ ఖాళీగనే ఉంది, వచ్చెయ్ రా."

అది నిజమే. ఆయన మీద గౌరవం పెరిగింది. కానీ అలా వదిలేసి పోతే ఆ మెస్ ఏమవుతుంది? బోర్డు సరిచేసి చెబుతానన్నాను. "నీ ఇష్టం" అని ఆయన బస్సెక్కాడు.

రెండింటికి షిఫ్టు వదిలింది. గేటు దగ్గర నిలబడి, వచ్చేవాళ్లతో కలిసి నడిచాను. వెదురు లోడు లారీలు వరసగా ఆగి ఉన్నాయి, వాటి వెనక నా బోర్డు అంచు కూడా కనబడలేదు. ఎండకు అందరి తలలూ వంగి ఉన్నాయి. సైకిల్ స్టాండు పక్కన పంపు దగ్గర మాత్రం ప్రతి ఒక్కరూ ఆగారు. మొహం కడుక్కుని తువ్వాలతో తుడుచుకుంటూ తల ఎత్తారు. ఎదురుగా ఒక టైలర్ షాపు గోడ ఉంది.

టైలర్ ఒప్పుకున్నాడు. ఆ సాయంత్రమే గోడ మీద, మనిషి కంటి ఎత్తులో, అరచేతి పొడవు కూడా లేని అక్షరాలతో "అన్నం, ఈ సందులో" అని రాసి ఒక బాణం వేశాను.

వారం తిరిగాక వెళ్తే ఆమె విసుగ్గా కనబడింది. పొయ్యి మీద రెండో ఎసరు మరుగుతోంది.

"గింతమంది వస్తరని ముందుగాల చెప్పొద్దా తమ్మీ? అన్నం చాలక నలుగురు ఉత్తగనే మళ్లిపోయిండ్రు."

చెప్పాల్సిందే అక్కా అని, గంజి వార్చడానికి గిన్నె పట్టుకున్నాను.