మా గొర్రె కాలు, మా సైన్స్ సార్

మా సైన్స్ సార్ పోయారని సూర్యాపేట నుంచి ఫోన్ వచ్చినప్పుడు, నేను మిర్యాలగూడ దవాఖానలో ఒక ముసలాయన మోకాలికి ఎక్స్‌రే తీయబోతున్నాను. బటన్ నొక్కడమే మరిచి నిలబడిపోయాను. "అయిపోయిందా బిడ్డా?" అని ఆయన రెండుసార్లు అడిగాడు.

సార్‌కు ఏడుపుమొహాలంటే పడదు. అందుకే సంబరంగానే చెబుతాను. మా ఊరు మోతెలో సర్కారు బడికి ఆయన రోజూ సూర్యాపేట నుంచి బస్సులో వచ్చేవారు. బడిలో అస్థిపంజరం బొమ్మ లేదు. ఎనిమిదో తరగతిలో ఒకరోజు ఎర్ర సుద్దముక్కతో తన తెల్లచొక్కా మీదే పక్కటెముకలు గీసుకున్నారు. ఇటు పన్నెండు, అటు పన్నెండు. ఆ బోనులో గుండె, ఊపిరితిత్తులు భద్రంగా ఉంటాయని చూపించారు.

"ఇంటికాడ మేడమ్ తిడతది సార్" అన్నాం.

"తిడితే తల వంచుకుంట. అందుకే గదా మెడల ఏడు బొక్కలున్నయ్."

నాకు నోరెక్కువ. గొర్రెలు కాసేవాళ్ల పిల్లను, బొక్కలు, అంటే ఎముకల గురించి నాకొకరు చెప్పాలా అనుకునేదాన్ని. మోకాలు వెనక్కే ముడుచుకుంటుందని సార్ అనగానే లేచి నిలబడ్డాను. "మా గొర్రెల ఎనక మోకాలు ఉల్టా వంగుతది సార్. మీరు చెప్పింది తప్పు." ఇంకొకరైతే బెంచీ ఎక్కించేవారు. సార్ కళ్లు మెరిశాయి. "ఆదివారం వస్త. సూపిస్తవా?"

ఆయన వచ్చేసరికి మా ఇంట్లో ఏడుపు. నేను సీసాతో పాలు పట్టి పెంచిన నల్లచెవుల గొర్రె కాలువలో పడి ముందరి కాలు విరగ్గొట్టుకుంది.

"మూడు కాళ్లతోని మంద ఎంబడి నడవదు బిడ్డా. కటికాయనకు ఇచ్చేద్దాం" అన్నాడు తాత. నేను దాని మెడ వదల్లేదు.

సార్ కాలు మెల్లగా తడిమారు. "తోలు చీలలేదు పెద్దాయనా. బొక్క సచ్చిన కట్టె కాదు, పాణమున్నది. కదలకుంట ఉంచితే తనంతల తనే అతుక్కుంటది."

తాతకు వెదురు బద్దలతో కట్టడం వచ్చు, కానీ విరిగిన చోటే కట్టేవాడు. "పైన కీలు, కింద కీలు గూడ కలిపి కట్టు. కట్టుడు నాకు రాదు, నువ్వే కట్టాలె" అన్నారు సార్. తాత కట్టాడు. "నెల రోజులు సూస్త. నడవకుంటె నా మాటే" అన్నాడు.

అప్పుడు సార్ ఇంకో గొర్రె వెనక కాలు పట్టుకున్నారు. "నువ్వనేది మోకాలు గాదు, మడమ. అసలు మోకాలు పైన, పొట్ట పక్కన ఉన్నది. తడిమి సూడు." తడిమితే నిజంగానే దొరికింది! గొర్రె బతుకంతా మునివేళ్ల మీదే నడుస్తుందట. సార్ ప్యాంటు మడిచి మునివేళ్ల మీద దొడ్డంతా నడిచి చూపిస్తే, ఎన్నడూ నవ్వని తాత కూడా నవ్వాడు. అంత సంతోషంగా నేనెప్పుడూ ఓడిపోలేదు.

ప్రతి ఆదివారం వచ్చారు. నెలకు కట్టు విప్పితే విరిగిన చోట ఉబ్బు తగిలింది. "గడ్డ లేచింది సార్" అన్నాను.

"గడ్డ గాదు, కొత్త బొక్క. ముందుగాల ఎక్కువే పోస్తది, తర్వాత సాపు జేసుకుంటది" అన్నారు సార్.

గొర్రె మాత్రం కాలు పైకెత్తుకునే నిలబడింది. తాత నా వైపు చూసి తల దించుకున్నాడు. సార్‌కు ఓపిక అయిపోయి గట్టిగా చప్పట్లు కొట్టారు. మంద బెదిరి పరుగెత్తింది. నల్లచెవులదీ పరుగెత్తింది, నాలుగు కాళ్లతో. సార్ దాని వెనకే "నాలుగు, నాలుగు" అని అరుస్తూ ఉరికారు.

చివరిచూపుకు వెళ్లాను. తెల్లచొక్కా వేసి పడుకోబెట్టారు. మనసులోనే ఎర్ర గీతలు గీసి, పన్నెండూ పన్నెండూ లెక్కపెట్టుకున్నాను. ఆయన రాకుంటే ఆ గొర్రె లేదు, ఈ ఎక్స్‌రే గదిలో నేనూ లేను.

మర్నాడు డ్యూటీలో, చెయ్యి విరిగి పిండికట్టు విప్పించుకున్న చిన్నపిల్ల వచ్చింది. చెయ్యి గుండెకు అదుముకుని కదపదు. వాళ్లమ్మ పరేషాన్. ఫిల్మ్ వెలుగుకు పెట్టి ఉబ్బు చూపించాను.

"గడ్డనా అక్కా?" అంది తల్లి.

"కొత్త బొక్క. అతుక్కున్నది."

పిల్ల నమ్మలేదు. నేను ఒక్కసారిగా గట్టిగా చప్పట్లు కొట్టాను. ఉలిక్కిపడి రెండు చేతులతో చెవులు మూసుకుంది.