గోలేటిలో నా రాజీనామా

ఆ రోజుల్లో కోటీశ్వరుణ్ణి కావడానికి నాకు ఒక చాయ్ చాలేది. బొగ్గు గనిలో ఉద్యోగం కొత్త. మా బాపు నడుము పోయి ఇక గనికి పనికిరాడని డాక్టర్లు తేల్చాక, ఆయన నౌకరీ నాకొచ్చింది. గోదావరిఖనిలో ఫస్టు షిఫ్టు అయిపోయి పైకి వచ్చాక, ముఖం మీది మసి కూడా కడుక్కోకుండా క్యాంటీన్‌లో బల్ల చుట్టూ చేరి, లేని కోట్లు ఖర్చుపెట్టేవాళ్ళం. మావాళ్ళ ఊహలు చూస్తే నాకు జాలేసేది. ఒకాయన తనకు కోట్లొస్తే క్వార్టర్ ముందు రేకుల షెడ్డు వేయిస్తానన్నాడు. ఇంకొకాయన ప్రతి ఆదివారం పూర్తి మేకను కోయిస్తానన్నాడు (మిగతా వారమంతా ఆ కోట్లు ఏం చేస్తాయో చెప్పలేదు). నేను మాత్రం అలాంటి చిల్లర మనిషిని కాను. గోదావరి ఒడ్డున మేడ కట్టి, పైన బొగ్గు దుమ్ము పడకుండా అద్దాల కప్పు వేసి, గదికి రెండేసి కూలర్లు పెట్టేవాణ్ణి. ఏసీ అనేది ఒకటుందని తెలుసు గానీ, ఎందుకో నా ఐశ్వర్యం కూలర్ దగ్గరే ఆగిపోయేది. మా ఆఫీసరు ఏదో పని మీద నా మేడకు వచ్చినట్టూ, నేను లోపల ఖాళీగానే ఉండి ఆయన్ని గుమ్మం బయట నిలబెట్టినట్టూ ఊహించుకోవడం అన్నిటికన్నా ఇష్టం. ఆ ఒక్క సుఖానికి కోట్లెందుకని ఎవరూ అడగలేదు.

ఇలా మహారాజుగా వెలుగుతున్న కాలంలో మా బావ నాకు సంబంధం తెచ్చాడు. బావంటే మా పెద్దక్క భర్త. గనిలోకి దిగేవాళ్ళకు టోపీ దీపాలిచ్చే ల్యాంపు రూంలో పని కాబట్టి అందరికీ దీపాల బావ. పిల్లది గోలేటి. తండ్రి కూడా గనిలోనే జట్టును నడిపించే సర్దార్, కొద్దికాలంలో రిటైర్ కావలసినవాడు. పిల్ల డిగ్రీ చదివి, మంచిర్యాలలో కంప్యూటర్ నేర్చుకుంటోంది. వాళ్ళు అడిగింది ఒకటే, పిల్లగానికి పర్మినెంటు నౌకరీ ఉండాలి. నా ముక్కు ఎలా ఉంటుందో కూడా అడగలేదట. దీన్ని మా అవ్వ (మా దగ్గర కన్నతల్లినే అవ్వ అంటాం) గొప్ప మర్యాదగా భావించింది.

బాపు నడుముతో బస్సు ప్రయాణం చేయలేడు. అవ్వా, బావా, నేనూ వెళ్ళాం. దారి పొడుగునా బావ నాకు నేర్పింది ఒకే పాఠం: అడిగితేనే మాట్లాడాలి, అడిగినా తక్కువ మాట్లాడాలి. మొదట్లో బాగానే పాటించాను. మిరపకాయ బజ్జీలు తిన్నాం. పిల్ల వచ్చి చాయ్ ఇచ్చి, లోపలి అర్ర గుమ్మం పక్కన చాప మీద కూర్చుంది. తర్వాత ఎవరికీ ఏమీ తోచలేదు. గోడ మీది టీవీలో ఏదో ప్రశ్నల పోటీ నడుస్తోంది. గెలిచిన మనిషిని ఆ డబ్బుతో ఏం చేస్తావని అడిగారు. ఆయన ఏం చెప్పాడో గానీ, సర్దార్ మామ ఊరికే, నిశ్శబ్దం పోగొట్టడానికి, నా వైపు తిరిగి, "నీకస్తె ఏంజేస్తవ్ అల్లుడా?" అన్నాడు.

అల్లుడా అన్న మాటకు నేను కరిగిపోయాను. అదీగాక, జీవితంలో మొదటిసారి నాకు బాగా తెలిసిన విషయంలో ప్రశ్న పడింది. "ఎన్ని పైసలు మామా?" అని అడిగాను.

"ఎన్నంటే ఏందీ, ఒడువని పైసలనుకో" అన్నాడు. ఒడువనివంటే తరగనివి.

"అట్లయితే పొద్దుగాల లేసుడుతోనే బాయి మీదికి పోయి రాజీనామ రాసిస్త."

బాయంటే మాకు గనే. చెప్పేసి ఆగితే ఏమయ్యేదో. ఆగలేదు. మేడ కట్టాను, అద్దాలు వేశాను, కూలర్లు పెట్టాను. మామ చేతిలో గ్లాసు కింద పెట్టాడు. లోపలి అర్ర పరదా వెనుక అత్తమ్మ గాజుల చప్పుడు ఆగిపోయింది. బావ దగ్గాడు, నాకు అది ప్రోత్సాహంలా వినిపించింది. చాప మీది పిల్ల మాత్రం తలెత్తి నన్నే చూస్తోంది. నా మేడను చూసి ముచ్చటపడుతోందనుకుని ఇంకో అంతస్తు లేపాను. ఇన్ని కూలర్లు తిరిగినా నాకు ఫికరు లేదని, మా క్వార్టర్లో లాగే కరెంటు ఎట్లాగూ గని కంపెనీదేనని ముగించాను.

"నౌకరి ఇడిసినంక కంపెనీ కరెంటు ఎట్లిస్తది?" అన్నాడు మామ, చాలా మెల్లగా. ఒడువని సంపదలో నేను ఆలోచించని ఖర్చు అదొక్కటే.

మరునాడే కబురొచ్చింది, సంబంధం వద్దని. బావ ఫోన్లో చాలాసేపు వాదించాడు. కోట్లు వస్తే కదా వాడు నౌకరీ మానేది, వాడి మొహానికి కోట్లు ఎక్కడివి, మీరు నిశ్చింతగా ఉండండి అని నన్ను చక్కగా సమర్థించాడు. మామ వినలేదు. "కోట్లదేమున్నది, ఇయ్యాల ఉంటయి, రేపు పోతయి. నౌకరి అట్లగాదు. ఇడిసిపెట్టాలన్న బుద్ధి ఉన్నోడు ఎప్పటికన్న ఇడిసిపెడ్తడు" అన్నాడట.

అవ్వ ఆ రాత్రి అన్నం పెట్టింది గానీ నా వైపు చూడలేదు. కంచం ముందు పెట్టి, "మీ బాపు నడుమిచ్చి తెచ్చిన నౌకరి. గోలేటి దాక పోయి దాన్ని ఇడిసిపెట్టి వచ్చినవ్" అంది. మంచం మీద ఒక పక్కకే పడుకోగల బాపు, గోడ వైపు తిరిగి ఉన్నవాడు, కాసేపయ్యాక అవ్వ వంటింట్లోకి వెళ్ళింది చూసి, "నాకస్తె నేను గూడ గదే చేస్తుంటి బిడ్డా" అన్నాడు. తర్వాత ఆ మాట ఎత్తితే ఒప్పుకోలేదు.

గోలేటిలో నేను పెట్టిన రాజీనామా నాకంటే ముందే గనికి చేరింది. చేరేటప్పటికి దాంట్లో 'అయితే, గియితే' అన్నవన్నీ రాలిపోయాయి. హాజరు వేసే ఆయన ఇంకా వస్తున్నావేమని నన్ను వింతగా అడిగాడు. నాకు ఎక్కడో భూమిలో ఏదో దొరికిందని కొందరు, మా అమ్మమ్మ వైపు ఆస్తి కలిసొచ్చిందని కొందరు చెప్పుకున్నారు. వినాయకుడి మంటపం పిల్లలు చందాకు వచ్చి, నేనిచ్చిన నోటు చూసి, ఉన్నోళ్ళకే మనసుండదని నా గుమ్మంలోనే అనేసి పోయారు. ఆఫీసరు పిలిపించాడు. గది బయట నన్ను బాగా నిలబెట్టాక లోపలికి రానిచ్చి, నౌకరీ వద్దనుకుంటే చెప్పు, దాని కోసం బయట ఎంతమంది చూస్తున్నారో తెలుసా అన్నాడు. లేదు సార్, అది నిజం పైసల మాట కాదు సార్ అని బతిమాలుకున్నాను. ఊహలో సంపాదించిన డబ్బుకు నిజంగా చేతులు కట్టుకుని నిలబడ్డవాణ్ణి ఈ బొగ్గు ప్రాంతంలో నేనొక్కణ్ణే అయివుంటాను.

బావ మాత్రం వదల్లేదు. పెద్దమనుషులతో చెప్పించి, పిల్లగాడు తెలియక అన్నాడు, ఇంకోసారి వచ్చి మీ ముందర మాటిస్తాడని ఒప్పించాడు. మళ్ళీ గోలేటి. అవే కుర్చీలు, ఈసారి టీవీ బంద్. మామ గొంతు సవరించుకుని, ఇంటర్వ్యూకు పిలిచినట్టుగా, ఒడువని పైసలు వస్తే ఏం చేస్తానని అడిగాడు. డ్యూటీకి పోతానన్నాను. కారు కొంటే? కారులో డ్యూటీకి పోతాను. పరదా వెనుక నుంచి అత్తమ్మ, మరి నైట్ షిఫ్టు పడితేనో అంది. డ్రైవర్‌ను పెట్టుకుంటాను, నైట్ షిఫ్టు మాత్రం ఎగ్గొట్టను. మేడ కడితే? కట్టను, కంపెనీ క్వార్టర్లోనే ఉంటాను, ఎందుకంటే కరెంటు దొరుకుతుంది. ఆ జవాబుకు మామ ముఖం విప్పారింది. అవ్వ కళ్ళు తుడుచుకుంది. నా కోట్లన్నీ ఒక్కొక్కటిగా అప్పజెప్పేసి తేలిగ్గా కూర్చున్నాను. బావ ఇక ముహూర్తం మాట ఎత్తబోతుండగా, పద్ధతి కోసం మామ పిల్లను అడిగాడు. ఏమంటావు బిడ్డా, అని.

చాప మీది పిల్ల తల వంచుకోలేదు. "పోయినసారి అచ్చినాయన నాకు నచ్చిండు బాపు. ఈయన వద్దు" అంది.

మామకు అర్థం కాలేదు. "ఇద్దరొక్కలే గదనే" అన్నాడు.

"గాదు. గాయన పైసలుంటె బొగ్గు ముట్టనన్నడు. ఈయన పైసలున్నా నువ్వు ఎట్ల చెప్తే అట్ల అంటుండు."

కోపంగా అనలేదు, ఎగతాళిగానూ అనలేదు. మంచిర్యాల బస్సు పోయిందని చెప్పినట్టు చెప్పింది. ఆయనా నేనే, ఇంకా లోపలే ఉన్నాడు, ఒక్క నిమిషం ఆగితే పిలుస్తానని అనాలనిపించింది. నోరు తెరిచాను కూడా. మామ చూస్తున్నాడు. అవ్వ చూస్తోంది. బావ నా కాలు తొక్కాడు. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట, "సెకండ్ షిఫ్టుకు టైమైతుంది, పోతం మామా" అని. ఆ రోజు నాకు సెకండ్ షిఫ్టు కాదు కదా, ఏ షిఫ్టూ లేదు.

తర్వాత నాకు వేరే సంబంధం కుదిరి పెళ్ళయింది. ఈ కొత్త మామ నన్ను ఏ ప్రశ్నా అడగలేదు. జీతం చీటీ ఒకటి చూసి, మడిచి జేబులో పెట్టుకుని, పిల్లనిచ్చాడు. మా ఇంటావిడ మంచి మనిషి. పిల్లలున్నారు. నడుము అప్పుడప్పుడు పట్టేస్తుంది, డాక్టరు మా బాపు నడుము సంగతి అడుగుతాడు. గోలేటి పిల్ల హైదరాబాదులో ఏదో ఆఫీసులో చేరిందని దీపాల బావ చాలా ఏళ్ళ కింద చెప్పాడు. చెప్పి, మంచిగైంది, అంత నోరున్న పిల్ల మనకెందుకు అన్నాడు. అవునన్నాను. నేను బావ మాట ఎప్పుడూ కాదనలేదు.

అయితే ఆమెకు నచ్చిన ఆ మనిషిని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అతను ఈ లోకంలో ఉన్నది గోలేటిలో, ఒక ప్లాస్టిక్ కుర్చీలో, బజ్జీలు చల్లారేంత సేపు. లెక్క తెలియనివాడు. పరదా వెనుక ఏం జరుగుతోందో కనిపెట్టలేనివాడు. మళ్ళీ నాకు ఎక్కడా ఎదురు పడలేదు. పడితే మాత్రం, నా కంటే చిన్నవాడే అయినా, లేచి నా కుర్చీ ఇస్తాను.