మేవిస్‌కి మాటిచ్చిన గంటలు

హెడ్లీ స్టెబింగ్‌కి మాటలు తక్కువ. నలభై ఏళ్ళు కాలవల బోర్డులో పూడిక తీసే యంత్రం నడిపాడు. ఆ రొదలో మాట్లాడినా ఎవరికీ వినపడదు గనక మాట్లాడ్డమే మానేశాడని మేవిస్ అనేది. మేవిస్ అతని భార్య. మాది వాళ్ళ ఎదురిల్లు. నా పేరు విన్నీ పించ్‌బెక్. బడిలో వంట చేసి రిటైరయ్యాను. నాకు నోరెక్కువని మా ఊరు హాల్స్‌డైక్‌లో పేరుంది. ఉన్న పేరు పోగొట్టుకోవడం ఎందుకని నేనూ తగ్గించలేదు.

మా చర్చి గోపురంలో గంటలు ఆరు, వాటిని లాగే మనుషులం ఆరుగురం. ముప్పై ఒక్క ఏళ్ళుగా తాళంచెవి హెడ్లీ ఇంట్లో మేకుకి వేలాడుతుండేది, మాకు పెద్దతలకాయ కూడా అతనే. అన్నిటికన్నా పెద్ద గంట అతనిది, చిన్నది మేవిస్‌ది. రెండోది నాది. మూడోది బడిపంతులుగా చేసి దిగిపోయిన ఆల్రిక్ గెడ్నీది. మిగిలిన రెండూ క్యాబేజీ రైతు క్లైవ్ పేసీ, అతని అల్లుడు లాగేవాళ్ళు.

ఈ పని బయటివాళ్ళు అనుకున్నంత తేలిక కాదు. ఎవరి తాడు వాళ్ళదే గాని, గంటల వరస ప్రతిసారీ మారుతుంది. పక్కవాళ్ళ చేతులు చూసుకుంటూ మన చెయ్యి ఆపుకోవాలి, వాళ్ళు వదిలాక మనం వదలాలి. మొహమొహాలు చూసుకోని మనుషులతో ఈ పని ఒక్క నిమిషం సాగదు.

భుజం పట్టేసి మేవిస్ తాడు వదిలేసినప్పుడు, ఆ తాడు ఎవరికిస్తుందా అని ఊరంతా చూసింది. రాసాకి ఇచ్చింది. రాసా లిథువేనియా నుంచి వచ్చి కూరగాయలు ప్యాక్ చేసే షెడ్డులో పనిచేస్తున్న పిల్ల. ఓ ఆదివారం గంటలు విని, ఎవరూ పిలవకుండానే మెట్లెక్కి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. మేవిస్ తన వంటింటి దూలానికి తాడు కట్టి నాలుగు నెలలు ఆ పిల్లకి చేతులు తిప్పడం నేర్పింది.

"ఏమ్మా, మీ ఊళ్ళో గంటలు లేవా?" అని మొదటి రోజు క్లైవ్ ఎగతాళి చేశాడు.

"ఉన్నాయి. మోగిస్తాం, ఇంటికి పోతాం. మీలాగా వాటితో ఎక్కాలు చదివించం," అంది రాసా.

క్లైవ్ కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ శుక్రవారం పబ్బులో ఆమెకి తన పక్కనే కుర్చీ వేయించాడు. నాలుగేళ్ళు ఆ కుర్చీ ఆమెదే. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, క్లైవ్ పుట్టు దుర్మార్గుడని ఎవరూ అనుకోకూడదు. దుర్మార్గుడైతే నాకింత బాధ ఉండేది కాదు.

తరవాత ఆ ఓటు వచ్చింది. యూరప్ కూటమిలో ఉండాలా, విడిపోవాలా అని దేశం మొత్తాన్నీ అడిగారు. విడిపోతే ఆ కూటమి దేశాలనుంచి వచ్చిన రాసాలాంటివాళ్ళ గతి ఏమిటో ఎవరూ చెప్పలేదు. క్లైవ్ చేలో విడిపోదామని ఇంత పొడుగు బోర్డు లేచింది. గెడ్నీ పంతులు కిటికీలో ఉందామని కాగితం అంటించాడు. ఒకడి పొడ ఒకడికి గిట్టకుండా పోయింది. గోపురంలో మాత్రం ఆ ఊసు ఎత్తొద్దని హెడ్లీ గోడకి చీటీ పెట్టాడు. తను ఎటు వేస్తాడో మేవిస్‌కి కూడా చెప్పలేదు. విడిపోదామనే వేశాడని నాకు తర్వాత తెలిసింది. యూరప్‌లో ఎక్కడో కూర్చున్నవాళ్ళకి మా కాలవల మీద పెత్తనం ఏమిటని అతని కోపం. అంతకు మించి అందులో ఏమీ లేదు.

విడిపోదామన్నవాళ్ళే గెలిచారని తేలిన పొద్దున క్లైవ్ అల్లుణ్ణి వెంటబెట్టుకుని హెడ్లీ గుమ్మంలోకి వచ్చాడు. నేను పాలసీసాలు బయట పెడుతున్నాను.

"తాళం తియ్యి పెద్దాయనా! ఇవాళ మోగకపోతే మన గంటలు ఇంకెప్పుడు మోగుతాయి?"

హెడ్లీ కాసేపు తాళంచెవి చేతిలో తిప్పాడు. నా వైపు చూశాడు. "వస్తావా విన్నీ?" అన్నాడు.

వెళ్ళాను. పెద్దతలకాయ పిలిస్తే వెళ్ళడం అలవాటు. నేను ఆ ఓటుకైతే వెళ్ళనే లేదు, కాళ్ళ నొప్పులని సాకు చెప్పి ఇంట్లో కూర్చున్నాను. ఓటు వెయ్యనిదాన్ని గంట మాత్రం లాగొచ్చాను! ఇంతకన్నా సిగ్గులేనితనం ఇంకోటి ఉంటే చెప్పండి.

నాలుగు గంటలే మోగాయి. గెడ్నీది లేదు, చిన్నగంట లేదు. దిగి బయటికొచ్చేసరికి చర్చి గోడ పక్కన షెడ్డు వ్యాను కోసం రాసా నిలబడి ఉంది. ప్రతి రోజూ ఆ వేళకి అక్కడే నిలబడుతుందని మా నలుగురికీ తెలుసు. ఆ పొద్దున ఒక్కరికీ గుర్తు రాలేదు. ఆమె హెడ్లీని చూసింది. వ్యాను వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయింది.

హెడ్లీ ఇంటికి రాగానే మేవిస్ ఒకే ఒక్క మాట అడిగింది. "చిన్నగంట ఎవరు లాగారు?"

"ఎవరూ లాగలేదు."

ఉడికించిన గుడ్డు అతని ముందు పెట్టి, మూడు రోజులు అతనితో మాట్లాడలేదు.

ఆ వారమే ఎవరో రాసా ఇంటి తలుపు సందులోంచి ఒక చీటీ పడేశారు. మూటాముల్లే సర్దుకుని పొమ్మని. ఎవరో ఈనాటికీ తెలియదు. క్లైవ్ మాత్రం కాదు. అతను పదిమందిలో నోరు పారేసుకునే రకమే గాని, చాటుగా చీటీలు పడేసే రకం కాదు. కానీ గెడ్నీ పబ్బులో అందరి ముందూ, "ఆ చీటీ రాసింది నీ గంటల మోతేరా, తలలో క్యాబేజీ తప్ప ఏమీ లేని మూర్ఖుడా!" అన్నాడు. క్లైవ్ గ్లాసు విసిరాడు. ఆ రోజుతో మా ఆరుగురి పని అయిపోయింది.

హెడ్లీ మాత్రం ప్రతి శుక్రవారం గోపురం తలుపు తీసేవాడు. నేను వెళ్ళేదాన్ని. ఇద్దరం ఆరు తాళ్ళ మధ్య బల్ల మీద కూర్చునేవాళ్ళం. ఎవరైనా వస్తారేమోనని ఒక గంట సేపు చూసి తాళం వేసుకుని వచ్చేవాళ్ళం. రెండేళ్ళు అలాగే గడిచాయి.

మేవిస్‌కి జబ్బు బయటపడేసరికే ముదిరిపోయింది. ఆస్పత్రి మంచం మీద హెడ్లీ చెయ్యి పట్టుకుని అడిగింది. నేనక్కడే ఉన్నాను.

"ఆరూ మోగాలి. తోళ్ళు కట్టి. చిన్నది రాసా లాగాలి. మాటివ్వు."

మాలో ఎవరైనా పోతే ప్రతి గంట నాలుకకీ ఒక పక్క తోలు కడతాం. అప్పుడు ఒక దెబ్బ మామూలుగా మోగుతుంది, రెండోది ఎక్కడో దూరంనుంచి వచ్చినట్టు మెత్తగా వినపడుతుంది. పోయినవాళ్ళని చర్చిలోంచి సమాధి దాకా తీసుకెళ్ళే దారి మొత్తం అలా మోగిస్తాం.

"సరే," అన్నాడు హెడ్లీ. నవంబరులో ఆమె పోయింది.

డెబ్భై నాలుగేళ్ళ మనిషి నిచ్చెనెక్కి ఆరు గంటలకూ తనే తోళ్ళు కట్టాడు. కట్టి, "మాటలు నీకొచ్చు, నువ్వూ రా," అని నన్ను తీసుకుని ఇళ్ళకి బయల్దేరాడు.

గెడ్నీ పంతులు తలుపు తీసి కన్నీళ్ళు పెట్టుకున్నాడు. "మేవిస్ కోసం ఏదైనా చేస్తాను హెడ్లీ. కానీ ఆ మనిషున్న గదిలో మాత్రం అడుగు పెట్టను."

క్లైవ్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "నేనూ మా అల్లుడూ సిద్ధం. అయితే పంతులు పబ్బులో అన్నమాట పబ్బులోనే వెనక్కి తీసుకోవాలి. నాకూ ఇంత పరువుంది."

"శవం ఇంట్లో ఉంటే పరువు లెక్కలేమిటయ్యా!" అన్నాను. వినలేదు.

చివరికి రాసా ఇల్లు. తలుపు తీసింది. లోపల అట్టపెట్టెలు కనబడుతున్నాయి. ఇక్కడ మాత్రం నేను మాట్లాడకూడదు, ఇది హెడ్లీ చెప్పుకోవాల్సిన మాట అనుకున్నాను. బతుకులో నేను నోరు మూసుకున్నది ఆ ఒక్కరోజే. అదీ మూసుకోకూడని రోజు.

"చిన్నదానికి గ్రీజు పెట్టాను," అన్నాడు హెడ్లీ. "తాడు కూడా కొత్తది వేశాను. ఇదివరకటి కన్నా తేలిగ్గా వస్తుంది."

"ఆ రోజు ఎందుకు మోగించారు?" అంది రాసా.

"క్లైవ్ అడిగాడు. తాళంచెవి నా దగ్గరే ఉంది."

"క్లైవ్ సంగతి కాదు. గోడ పక్కన నిలబడి విన్నాను. పెద్దగంట లాగుతున్నది మీ చెయ్యే. ఎక్కడున్నా గుర్తుపడతాను. మీరెందుకు లాగారు?"

ఒక్కమాట చాలు. తప్పయిపోయింది అమ్మాయ్ అంటే చాలు. ఆమె ఎదురుచూసింది, నాకు తెలుసు, తలుపు మీంచి చెయ్యి తియ్యకుండా అలాగే నిలబడింది. మా వాళ్ళకి ఆ మాట రాదు. తప్పు చేస్తే పక్కింటి కంచె బాగుచేసి పెడతాం, కూరగాయలు గుమ్మంలో పెట్టి పోతాం, అవతలివాళ్ళే అర్థం చేసుకోవాలి. హెడ్లీ టోపీ అంచు చుట్టూ వేళ్ళు తిప్పాడు.

"కొత్త తాడు కదా, చేతికి కొంచెం గరుగ్గా ఉంటుంది," అన్నాడు.

"మేవిస్ దగ్గరికి వస్తాను," అంది రాసా. "మీ గోపురం మాత్రం ఎక్కను." నెమ్మదిగా తలుపు వేసింది.

అంత్యక్రియల రోజు హెడ్లీ పొద్దున్నే పైకెక్కాడు. కింద పాటలయ్యాయి, పాస్టరమ్మ ప్రార్థన మొదలుపెట్టింది. నేను పైకెళ్ళి, "ఇక దిగు, ఎవరూ రారు," అన్నాను.

"మెట్ల మీద చప్పుడైంది. వస్తున్నారు," అన్నాడు. ఎవరూ రావట్లేదు. శవపేటిక తలుపు దాటేటప్పుడు ఇంకోసారి చెప్పాను. "ఒక్క నిమిషం విన్నీ," అన్నాడు. ఆ నిమిషం అయ్యేసరికి కింద ఖాళీ. అప్పుడు పెద్దగంట తాడు పట్టుకుని తనొక్కడే లాగాడు, ఆమె బతికిన డెబ్భై రెండేళ్ళకి డెబ్భై రెండు దెబ్బలు. నేను ఏడుస్తూ కిటికీలోంచి చూశాను. సమాధి దగ్గర క్లైవ్ ఒక చివర, గెడ్నీ ఇంకో చివర. మొగుడు వెయ్యాల్సిన మొదటి పిడికెడు మట్టి రాసా వేసింది.

ఆ తర్వాత వేసవిలో రాసా తన ఊరికి వెళ్ళిపోయింది. శుక్రవారాలు ఆగిపోయాయి. "ఆ తోళ్ళైనా విప్పవా, పాడవుతాయి," అని ఒకసారి అడిగాను.

"పని కాలేదుగా," అన్నాడు. "ఎప్పుడైనా వస్తే మళ్ళీ కట్టాలి."

దేశం విడిపోయే రోజు దగ్గరపడ్డాక క్లైవ్ వచ్చి తాళంచెవి అడిగాడట. అల్లుడు గాక చుట్టుపక్కల ఊళ్ళనుంచి ఐదుగురిని పోగుచేశాడు. హెడ్లీ మేకు మీంచి తీసి ఇచ్చేశాడు. ఎందుకని కూడా అడగలేదు.

ఫిబ్రవరి ఒకటి, శనివారం, పొద్దున తొమ్మిదింటికి నేను కిటికీ తుడుస్తున్నాను. చిన్నగంట మోగింది. వెనకే రెండోది, మూడోది, వరసగా ఆరూ. ఒక దెబ్బ గట్టిగా, రెండోది దూరంగా, మెత్తగా. చేతిలో గుడ్డ జారిపోయింది. విడిపోయిన సంబరానికి ఊరి మీద చావుగంటలు మోగుతున్నాయి.

ఎదురింటి తలుపు ధడాలున తెరుచుకుంది. హెడ్లీ అంత్యక్రియల కోటు ఒక చేతికే తొడుక్కుని, బూటు లేసులు ఈడ్చుకుంటూ పరుగెత్తుతున్నాడు. తుంటి నొప్పి మనిషి, దాన్ని పరుగని కూడా అనలేం.

"ఆరూ, విన్నీ! ఆరూ మోగుతున్నాయి!"

సమాధుల వైపే వెళ్తున్నాడని అర్థమై నేనూ వెంటపడ్డాను. అతను శ్మశానం గేటు మీద చెయ్యి వేసేసరికి గంటలు తడబడ్డాయి. ఒకటి ఆగింది, రెండు ఆగాయి, తర్వాత అన్నీ.

"ఆపేశారా?" అన్నాడు ఆయాసపడుతూ.

"ఆపేశారు."

"ఇంకొక్క రెండు నిమిషాలు లాగి ఉంటే మేవిస్‌ని అందుకునేవాణ్ణి."

క్లైవ్ గోపురం తలుపు తన్నుకుంటూ బయటికొచ్చాడు. మొహం కందిపోయి ఉంది. "ఎంత కుళ్ళు ముసలోడా నీకు! పై ఊళ్ళవాళ్ళ ముందు నా పరువు తియ్యడానికి తోళ్ళు కట్టిపెట్టావా?"

"మీరొస్తారని కట్టాను," అన్నాడు హెడ్లీ. "ఆమె పోయిన రోజున."

క్లైవ్ టోపీ తీశాడు. వెనక్కి తిరిగి గోపురం వైపు చెయ్యెత్తాడు, ఆగమని చెప్పడానికేమో. పైనున్నవాళ్ళకి ఇవేమీ తెలియవు. వాళ్ళప్పటికే తోళ్ళు విప్పి ఒక్కొక్కటీ మెట్ల మీదికి విసిరేస్తున్నారు. కాసేపటికి ఆరు గంటలూ ఏ అడ్డూ లేకుండా ఊరంతా దద్దరిల్లేలా మోగాయి.

హెడ్లీ గేటు మీంచి చెయ్యి తీశాడు. లోపలికి వెళ్ళకుండానే ఇంటికి తిరిగాడు.